ప్రొడక్షన్ నంబర్ 1: ఒక చిన్న సినిమా డైరీ

జనవరి 19, 2025, ఆదివారం

చీటీ పాడేశాను. ఐదు లక్షల చీటీని లక్షా పదివేలు వదులుకుని పాడితే మూడు లక్షల తొంభై వేలు చేతికి వచ్చాయి. నా దగ్గరున్న రెండు లక్షలు, కెమెరా మిత్రుడు పెడతానన్న లక్ష కలిపితే మొత్తం ఆరు లక్షల తొంభై వేలు. పటమటలో ఓ మోస్తరు పెళ్ళి రిసెప్షన్‌కు కూడా చాలని డబ్బు. దీంతో ఎనభై నిమిషాల సినిమా తీయాలి.

కథ చెప్పమంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. డబ్బున్న మగవాళ్ళకు గంటల లెక్కన తోడుగా వెళ్ళే ఒక స్త్రీ. విజయవాడలో ఆమె ఐదు రోజులు. ఎస్కార్ట్ అన్న మాటకు తెలుగు పదం కోసం వెతికాను. ఉన్నవాటిలో సగం తిట్లు, సగం ప్రబంధాలలోనివి. అందుకని స్క్రిప్టులో ‘ఆమె’ అని మాత్రం రాసుకున్నాను. ఆమెకు పేరు లేదు. వచ్చిన ప్రతివాడూ తనకు నచ్చిన పేరుతో పిలుస్తాడు, ఆమె పలుకుతుంది.

ఈ ఆలోచన ఎక్కడిదో దాచుకోను. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2009లో విడుదల చేసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్ ఎక్స్‌పీరియన్స్’ చూశాక పుట్టింది. అక్కడ ఊరు న్యూయార్కు, కాలం 2008 అక్టోబరు. ఒక పక్క బ్యాంకులు కూలుతున్నాయి, ఇంకో పక్క అధ్యక్ష ఎన్నికలు. ఆమె దగ్గరకు వచ్చిన మగవాళ్ళు డబ్బు పోతుందన్న దిగులే చెప్పుకుంటారు. వాళ్ళలో చాలామంది వృత్తి నటులు కారు, అప్పటికప్పుడు తోచింది మాట్లాడారు. అదే మన విజయవాడ అయితే ఏం మాట్లాడతారు? పెద్దగా ఆలోచించనక్కర్లేదు. స్థలాలు. గజం ఎంత, ఎకరం ఎంత, ఎప్పుడు కొన్నాం, ఎందుకు అమ్మలేదు.

ఫిబ్రవరి 2

వకీలు మిత్రుడు స్క్రిప్టు చదివాడు. అతనికి కథ నచ్చిందో లేదో తెలియదు, చట్టం మాత్రం గంటసేపు చెప్పాడు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం వయసు వచ్చిన స్త్రీ తన ఇష్టంతో చేసే పని దానికదే నేరం కాదు. దాని చుట్టూ ఉన్నవే నేరాలు. ఇల్లు నడపడం, ఆ సంపాదన మీద ఇంకొకరు బతకడం, నలుగురిలో నిలబడి పిలవడం. ఏడో సెక్షను ఇంకా చిత్రంగా ఉంది. గుడికి, విద్యాసంస్థకు, హాస్టలుకు, ఆస్పత్రికి 200 మీటర్ల లోపల జరిగితే నేరం.

ఇద్దరం ఫోనులో విజయవాడ మ్యాపు తెరిచి కూర్చున్నాం. సూర్యారావుపేట అంతా ఆస్పత్రులు. బెంజి సర్కిల్ చుట్టూ కాలేజీలు, వాటి హాస్టళ్ళు. వన్‌టౌన్‌లో అడుగుకో గుడి. మూడింటికీ 200 మీటర్ల దూరాన ఉన్న చోటు కోసం వెతికి వెతికి చివరికి కృష్ణలో తేలాం. ఈ ముక్క సినిమాలో పెట్టాలని ఉంది. పెడితే కామెడీ అయిపోతుందేమోనని భయం కూడా ఉంది.

అతను ఇంకో మాట చెప్పాడు, అది రాసిపెట్టుకున్నాను. 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో ఒకటి పత్రికలకు, టీవీలకు సంబంధించినది. దాడుల సమయంలో ఈ స్త్రీల ఫోటోలు గానీ, గుర్తు పట్టే వివరాలు గానీ బయట పెట్టకూడదు. మన టీవీల్లో చున్నీ కప్పుకుని జీపెక్కే ఆడవాళ్ళను చూస్తూ పెరిగినవాణ్ణి నేను. స్క్రిప్టు మొదటి ప్రతిలో ముప్పై నాలుగో సీను సరిగ్గా అదే. ఇంటికి రాగానే కొట్టేశాను.

ఫిబ్రవరి 9

వకీలు ద్వారానే, ఈ పని కొన్నేళ్ళు చేసి మానేసిన ఒకావిడ మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ఇప్పుడు చేస్తున్న పని, ఏదీ రాయను. రెండు గంటలు కూర్చున్నాం. నేను ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను, మూడోదానికే ఆవిడ నవ్వి కాగితం మడిచి నా జేబులో పెట్టారు.

“మీరు రాసిన సీన్లలో నేను ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతున్నాను బాబూ. నన్ను మాట్లాడనిచ్చింది ఎవరు?” అన్నారు.

ఆవిడ దగ్గర ఒక పాత చిన్న ఫోను ఉంది. అందులో గుర్తుకోసం రాసుకున్న ముక్కలు కొన్ని చదివి వినిపించారు, పేర్లు లేకుండా. ‘కూతురికి ఇంటర్ పరీక్షలు, మార్చి.’ ‘మోకాలి ఆపరేషన్ వాళ్ళమ్మకు, అడగాలి.’ ‘తమ్ముడి సంగతి ఎత్తకూడదు.’ మళ్ళీ వచ్చినప్పుడు ముందుగా ఆ కూతురి పరీక్షల గురించి అడుగుతారట. అడగగానే మనిషి కుర్చీలో వెనక్కి వాలతాడట. “అలుపు దేనికి వస్తుందో తెలుసా? వినడానికి. ఇంటికి వెళ్ళాక మా అమ్మ టీవీ పెడితే నాకు ఏడుపు వచ్చేది.”

ఆ రాత్రి స్క్రిప్టు ముందేసుకుని ‘ఆమె’ డైలాగులన్నీ కొట్టేశాను. డెబ్బై రెండు పేజీలు నలభై అయ్యాయి. ఇది వినే మనిషి సినిమా. వినడాన్ని ఎలా తీయాలో మాత్రం నాకు తెలియదు.

ఫిబ్రవరి 23

నలుగురు నటీమణులు కాదన్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఒకావిడ స్క్రిప్టు బాగుందనే చెప్పి, “మా అత్తగారు యూట్యూబ్ చూస్తారండీ” అని నమస్కారం పెట్టారు.

ఐదో ఆవిడ తెనాలి. పరిషత్తు నాటకాల్లో ఇరవై ఏళ్ళ అనుభవం. స్టేజి మీద మైకు పాడైతే ఆఖరి వరసకు వినిపించేలా మాట్లాడగల గొంతు. చదవడం పూర్తయ్యాక పేజీలు వెనక్కీ ముందుకూ తిప్పారు.

“డైరెక్టర్ గారూ, నా మాటలున్న పేజీలు ఇవ్వడం మరిచిపోయినట్టున్నారు.”

“లేవక్కా. ఉన్నది అంతే.”

“నేను మధురవాణి వేషం వేసినదాన్నండీ,” అన్నారు. అంటే నాకు గుండెల్లో రాయి పడింది. నిజమే. ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో. అంత వెనకటి నాటకంలోనే ఆ వృత్తి చేసే స్త్రీకి గురజాడ అందరినీ మించిన మాటలిచ్చాడు. నేను 2025లో ఉన్న నాలుగు మాటలూ లాక్కుంటున్నాను. ఫిబ్రవరి 9న విన్నదంతా ఆవిడకు చెప్పాను. కాసేపు ఊరుకుని, “అయితే ఇది కష్టమైన వేషమే, చేస్తాను” అన్నారు. రోజుకు మూడు వేలు, తెనాలి నుంచి రాను పోను ఛార్జీలు, రాత్రి తొమ్మిదికల్లా బండి ఎక్కించాలి.

మార్చి 9

హోటళ్ళు ఇవ్వలేదు. ఆరు చోట్ల అడిగాం. సినిమా అనగానే రేటు చెప్పారు, కథ అనగానే ‘ఇది ఫ్యామిలీ హోటల్ అండీ’ అన్నారు.

మార్చి 16

మొగల్రాజపురంలో మా పిన్ని ఫ్లాటు. బాబాయి పోయాక రెండో బెడ్‌రూం ఖాళీగా ఉంది. దాన్ని హోటల్ గదిగా మార్చాలి. ఏం చేస్తే గది హోటల్ గది అవుతుందని ఒక రోజంతా ఆలోచించాం. సంగతి ఏమిటంటే, హోటల్ గదిలో ఎవరి వస్తువూ ఉండదు. దేవుడి క్యాలెండరు తీశాం. గోడ మీద మేకులు పీకి, గుంటలకు పుట్టీ పెట్టాం. తెల్ల దుప్పట్లు నాలుగు, మంచం కాళ్ళ వైపు అడ్డంగా పరిచే ముదురు గోధుమ రంగు గుడ్డ ఒకటి, వన్‌టౌన్ బట్టల మార్కెట్‌లో. చిన్న కెటిల్, బోర్లించిన రెండు కప్పులు, కాగితం చెప్పులు. తలుపు పక్కన కార్డు పెట్టే డబ్బా నకిలీది, అట్టముక్కతో చేసి రంగు వేశాం. మొత్తం 11,400 రూపాయలు.

పిన్ని గుమ్మంలో నిలబడి చూసి, “ఇంత శుభ్రంగా ఉంటే నాకు నిద్ర పట్టదురా” అంది. కథ ఆమెకు ముందే చెప్పాను. దాచి తీయడం నాకు ఇష్టం లేదు. “ఆ అమ్మాయి భోజనం చేసి వెళ్తుందా?” అని మాత్రం అడిగింది. అది పాత్ర గురించో, నటి గురించో ఇప్పటికీ తెలియదు.

ఏప్రిల్ 6

కెమెరా పరీక్ష. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె, అద్దెకు. మానిటర్‌లో గోడ మీద నల్లని చారలు పైకి పాకుతున్నాయి. కంటికేమీ కనపడదు, కెమెరాకు కనపడుతుంది.

ఇది కొత్తవాళ్ళకు పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్. అందువల్ల ట్యూబులైటు, చాలా ఎల్‌ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సెకనుకు 24 ఫ్రేములు తీస్తూ షట్టరును మామూలుగా 180 డిగ్రీలు పెడితే ఒక్కో ఫ్రేముకు వెలుతురు అందేది సెకనులో 48వ వంతు. ఆ వ్యవధిలో మినుకులు పూర్తి సంఖ్యలో ఇమడవు. ఒక ఫ్రేములో కొంచెం ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. అవే చారలు. షట్టరు 172.8 డిగ్రీలకు దింపితే సరిగ్గా 50వ వంతు అవుతుంది, రెండు మినుకులు నిండుగా పడతాయి, చారలు పోతాయి. 25 ఫ్రేములు పెట్టుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు గానీ, మా కెమెరా మిత్రుడికి థియేటర్ కల ఉంది, 24 దగ్గరే భీష్మించాడు.

అయినా మంచం వెనక మేము పెట్టిన ఎల్‌ఈడీ పట్టీ మినుకుతూనే ఉంది. గంటన్నర పోయాక తెలిసింది, దాని వెలుగు తగ్గించే డిమ్మరు కరెంటును తన సొంత వేగంతో ముక్కలు చేస్తోందని. ఆ వేగానికీ 50 హెర్ట్జ్‌కూ సంబంధం లేదు. డిమ్మరు పీకేసి, పట్టీ మీద పిన్ని పాత పంచె ముక్క కప్పాం. ఇంత మంచి వెలుతురు కొనాలంటే దొరకదు.

ఏప్రిల్ 20, ఆదివారం

కొబ్బరికాయ కొట్టాం. క్లాపు బోర్డు మీద ‘ప్రొడక్షన్ నంబర్ 1’. రెండో నంబరు ఉంటుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది.

మొదటి రోజు పోయింది. ఒక్క షాటూ పనికిరాదు. ‘ఆమె’ వింటోంది, నిజమే. వింటున్నట్టు ఆఖరి వరస వాడికి కూడా తెలుస్తోంది. ప్రతి వాక్యానికీ తలూపడం, కనుబొమలు ఎత్తడం, మధ్యలో నిట్టూర్పు. స్టేజి మీద ఇదే సరైన పని. మూడడుగుల దూరంలో లెన్సు ఉన్నప్పుడు ఇది అబద్ధంలా ఉంది. చెప్పాను. ఆవిడ తగ్గించారు. ఇంకా చెప్పాను. మొత్తం ఆపేశారు, బొమ్మలా కూర్చున్నారు. అది ఇంకా ఘోరం.

తప్పు ఎక్కువగా నాదే. ఎదుట కూర్చున్నది మా అసిస్టెంటు, నేను రాసిచ్చిన కాగితం చదువుతున్నాడు. అందులో వినడానికి ఏముంది?

ఏప్రిల్ 27

శబ్దం గురించి. డబ్బింగ్ చెప్పించకూడదని ముందే అనుకున్నాం, అక్కడికక్కడ రికార్డు చేసినదే వాడాలి. మంచి ఎండాకాలంలో టేకు మొదలవగానే ఏసీ ఆపాలి, ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి. పన్నెండో నిమిషానికి అందరం ఆవకాయ జాడీలో ముక్కల్లా ఉంటున్నాం. ఆవిడ గంజి పెట్టిన నేత చీర కట్టుకున్నారు, కాలరు మైకుకు గరగర తప్ప ఇంకేమీ వినపడలేదు. గంజి లేని మెత్తటి చీర మార్చి, మైకును ఆస్పత్రి కాగితపు టేపుతో చర్మానికే అంటిస్తే గొడవ తగ్గింది.

ఫ్రిజ్ కూడా ఆపాం. తిరిగి వేయడం మరిచిపోకుండా సౌండ్ అబ్బాయి తన బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాడు. ఇది ఆ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన చిట్కానే. అయితే ఆ రోజు అతన్ని ఎవరో బండి మీద ఎక్కించుకుని వెళ్ళారు. తాళం ఫ్రిజ్‌లోనే, ఫ్రిజ్ రాత్రంతా ఆగే. తెల్లారి చూస్తే పిన్ని ఇడ్లీ పిండి గిన్నె మూత ఎత్తేసి పొంగింది. లెక్కల పుస్తకంలో ‘ఇతర ఖర్చులు: ఇడ్లీ పిండి, 120’ అని ఉంది.

మే 2, శుక్రవారం

షూటింగ్ లేదు. అమరావతి పనుల పునఃప్రారంభానికి ప్రధాని వచ్చారు. ఆ జనంలో మా మనుషులు తిరగలేరని ముందే మానుకున్నాం.

మే 3

ఈ రోజు గురించి ఎంత రాసినా తీరదు.

అసిస్టెంటును ఎదుట కూర్చోబెట్టడం మానేసి, అసలు స్థలాల వ్యాపారం చేసే ఒకాయనను ఒప్పించాం. వయసు యాభై దాటింది. తెల్ల చొక్కా, చేతికి పచ్చరాయి ఉంగరం. సినిమా దేని గురించో, ఆయన పాత్ర ఏమిటో అంతా చెప్పాం. ఆలోచించుకుని, “నేను చేసే పనేం ఉంది?” అన్నారు. మీ వ్యాపారం గురించి చెప్పండి, ఆవిడ వింటారు, కెమెరా ఆవిడ మీదే ఉంటుంది అన్నాను. “అంతే కదా” అని మజ్జిగ తాగి కూర్చున్నారు.

ఏసీ ఆపాం. క్లాపు. ఆయన ఇరవై రెండు నిమిషాలు ఆగలేదు.

రాజధాని కోసం రైతుల దగ్గర భూమి తీసుకుని బదులు స్థలాలిచ్చే భూసమీకరణ లెక్కలు ఆయనకు విష్ణుసహస్రనామంలా కంఠతా. ఎకరం మెట్ట ఇస్తే వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు, అంటే ఏటి పక్కన నీళ్ళుండే సారవంతమైన నేల అయితే వెయ్యి, 450. కౌలు మెట్టకు ఏడాదికి ముప్పై వేలు, జరీబుకు యాభై, ఏటా పది శాతం పెంపు. 2015లో తుళ్ళూరు వైపు ఎలా ఎగబడ్డారో, 2019 డిసెంబరులో మూడు రాజధానులు అనగానే ఫోను ఎత్తేవాడు ఎలా కరువయ్యాడో, నిన్న ప్రధాని సభకు తాను ఎక్కడ నిలబడ్డారో. చెయ్యి గాలిలో రోడ్లు వేస్తోంది.

పధ్నాలుగో నిమిషం దగ్గర గొంతు మారింది. నలభై సెంట్ల చెక్క ఒకటి, తమ్ముడిదీ తనదీ ఉమ్మడిది. 2020లో పడిపోయిన రేటుకు తమ్ముడి వాటా తానే కొన్నారట. ఇప్పుడు దాని ధర చూసుకుని తమ్ముడు మాట్లాడటం మానేశాడట. “నేనేమన్నా మోసం చేశానా? అప్పుడు అదే రేటు,” అన్నారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు అన్నారు.

మానిటర్‌లో ఆవిడను చూస్తున్నాను. తలూపడం లేదు. చూపుడు వేలు కప్పు అంచు చుట్టూ తిరుగుతోంది. మొదటి ‘అదే రేటు’కు తిరుగుతూనే ఉంది. రెండోదానికి నెమ్మదించింది. మూడోదానికి ఆగింది. నాలుగోదానికి ఆవిడ స్క్రిప్టులో లేని మాట అన్నారు.

“మీ తమ్ముడికి పిల్లలెంతమందండీ?”

ఆయన నోరు తెరిచి మూశారు. ఎడిటింగ్‌లో కొలిచాను, పదకొండు సెకన్లు. ఎక్కడో కింద లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు. “ఇద్దరు,” అన్నారు. “పెద్దదానికి నేనే పేరు పెట్టాను.”

కట్ చెప్పడానికి నాకు గొంతు రాలేదు, కెమెరా మిత్రుడే చెప్పాడు. భోజనాల దగ్గర ఆవిడను అడిగాను, ఆ ప్రశ్న ఎందుకు వేశారని. “ఏమోనండీ, విన్నాను కదా” అని పప్పు కలుపుకున్నారు. పిన్ని ఆవిడకు రెండోసారి నెయ్యి వేసింది.

మే 4

ఇద్దరు క్లయింటు పాత్రలు పూర్తి. ఒకరు బాగున్నారు.

మే 18

ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజాము షాటు. అనుమతి కోసం మూడు వారాలు తిరిగి విసిగి, ఆటో లోపలే కూర్చుని ఫోనుతో తీసుకున్నాం. పని ముగించుకుని తాడేపల్లి వైపు వెళ్తున్న ‘ఆమె’ ముఖం. ముఖంలో ఏమీ ఉండకూడదు, శూన్యమూ ఉండకూడదు. ఏం చేయమంటారని అడిగారు. “గేట్లు లెక్కపెట్టక్కా” అన్నాను. 1957 నాటి కట్టడం, మొత్తం 70 గేట్లు, 1,223 మీటర్ల పైచిలుకు పొడవు. ఆటోవాడు పోనిచ్చిన వేగానికి నలభై మూడు దగ్గర లెక్క తప్పిందట. ఆ తప్పినప్పటి చిన్న చిరాకే షాటు. సినిమాలో అది చూసినవాళ్ళు ఏమేమో అనుకుంటారు, అనుకోనీ.

జూన్ 1

గుమ్మడికాయ కొట్టాం. పదమూడు రోజుల షూటింగ్, ఖర్చు 5,86,000. గది మళ్ళీ పిన్నిదయింది. దేవుడి క్యాలెండరు పెట్టడానికి మేకు కోసం వెతికితే పుట్టీ పెట్టిన చోటు దొరకలేదు.

జూన్ 22

ఎడిటింగ్. ఇరవై రెండు నిమిషాల టేకును పందొమ్మిది దగ్గర ఆపాను. కెమెరా ఆవిడ మీద నుంచి కదలదు. ఆయన ఉంగరం చెయ్యి ఒక్కటే అప్పుడప్పుడు ఫ్రేము అంచులోకి వచ్చి పోతుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మధ్యలో ఏడెనిమిది నిమిషాలు భూసమీకరణ లెక్కలు ప్రేక్షకుడికి విసుగు. ‘ఆమె’కు కూడా విసుగే. కత్తిరిస్తే ఆమె పడిన అలుపు పోతుంది. సౌండ్ అబ్బాయి ఒక ప్రయత్నం చేశాడు. ఆయన గొంతులో పై పౌనఃపున్యాలను నెమ్మదిగా కోసుకుంటూ వచ్చాడు. దాదాపు 600 హెర్ట్జ్‌కు పైనున్నవి పోయేసరికి హల్లులు రాలిపోయాయి. మిగిలినవి అచ్చులు. మన మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి కాబట్టి ఏం చెబుతున్నాడో తెలియదు గానీ రాగం నిలిచింది. గోడ అవతల ఎవరో గొప్పలు చెబుతున్నట్టుంది. అక్కడక్కడ ‘గజం’ అన్న మాట ఆకారం తెలుస్తుంది. ‘తమ్ముడు’ దగ్గర హల్లులన్నీ ఒక్కసారి తిరిగి వస్తాయి. ఆమె మళ్ళీ వినడం మొదలుపెట్టిందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇది నా తెలివి కాదు. నేను అక్కడ వీణ పెడదామన్నాను.

జూలై 6

పిన్ని హాల్లోనే చూపించాం. తెర బదులు, షూటింగ్‌లో మంచం మీద పరిచిన తెల్ల దుప్పటే కట్టాం. తెనాలి నుంచి ఆవిడ, వకీలు, ఇంకో పదిమంది. స్థలాల వ్యాపారం చేసే ఆయన కొత్త చొక్కాతో, ఇద్దరు స్నేహితులతో వచ్చారు.

తన సీను అయ్యేదాకా ఏమీ అనలేదు. లైట్లు వేశాక నన్ను బాల్కనీలోకి పిలిచారు.

“నా ముఖం ఎక్కడండీ?”

“కెమెరా ఆవిడ మీదే ఉంటుందని చెప్పాను కదండీ.”

“ఇంకో కెమెరా ఉంటుందనుకున్నాను. మీవాళ్ళు చాలామంది తిరిగారు కదా.” కాసేపు రోడ్డు వైపు చూశారు. “మధ్యలో నా మాటలు సరిగా వినపడలేదు. కావాలనే చేశారా?”

“అవునండీ.”

ఆయన తల పంకించారు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. చెప్పులు వేసుకుంటూ, ఆ చెయ్యి కనిపించే ముక్క ఒక్కటి ఫోనుకు పంపగలరా, స్టేటస్‌లో పెట్టుకుంటానన్నారు. ఎనిమిది సెకన్లు కత్తిరించి పంపాను. రాత్రి చూస్తే పెట్టారు. ఉంగరం బాగా పడింది. కింద ‘తుళ్ళూరు దగ్గర ప్లాట్లు, వెంటనే సంప్రదించండి’ అని రాసి, తన నంబరు ఇచ్చారు.